ఆ పిట్టను పిలవొద్దు!

తవాంగ్ వెళ్లే టూరిస్టు బండ్లన్నీ టెంగా లోయలో కాసేపు ఆగుతాయి. మోమోలు తిని, టీ తాగి అందరూ బొమ్‌డిలా వైపు ఎక్కిపోతారు. మెడలో బైనాక్యులర్స్ వేలాడుతున్నవాళ్ల బండి మాత్రం అక్కడే పక్కకి తిరుగుతుంది. ఆ పక్కదారిలో రామలింగం అనే చిన్న ఊరు వస్తుంది. అవును, అరుణాచల్ ప్రదేశ్‌లో రామలింగమే! ఆ బోర్డు దాటాక దారి కొండెక్కడం మొదలుపెడుతుంది. మలుపులు పెరుగుతాయి, పొగమంచు బానెట్ మీదికొచ్చేస్తుంది, ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి.

అదే ఈగల్‌నెస్ట్ దారి. పక్షుల్ని చూడటం పిచ్చిగా ఉన్నవాళ్లకి ఇదొక తీర్థయాత్ర లాంటిది. కొండ కొసన 2,780 మీటర్ల ఎత్తులో ఉన్న కనుమను దాటి, అవతలివైపు అస్సాం మైదానాల దాకా దిగిపోయే అడవి దారి. అభయారణ్యం లోపల దారి పొడవునా ఒక్క ఊరు లేదు, ధాబా లేదు, పెట్రోల్ బంకు లేదు. రోజంతా తిరిగినా ఎదురుగా వచ్చే బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు.

పేరు చూసి ఇక్కడేదో గద్దల గూడు ఉందనుకుంటాం. అసలు సంగతి వేరు. 1950ల్లో ఈ ప్రాంతంలో మన సైన్యానికి చెందిన 'రెడ్ ఈగల్' డివిజన్ మకాం వేసింది. ఆ డివిజన్ గుర్తు ఎర్ర గద్ద. దాని మీదుగానే కనుమకీ, తర్వాత అడవికీ ఈ పేరొచ్చిందని చెబుతారు. సైన్యం అవసరాల కోసం కొండని తొలిచి వేసిన దారే ఇవాళ పక్షి ప్రేమికులకి బాల్కనీలా పనికొస్తోంది. ఒకవైపు నిలువెత్తు కొండ, ఇంకోవైపు లోయ. లోయలోంచి పెరిగిన పెద్ద చెట్ల తలలు సరిగ్గా మన కళ్ల ఎత్తుకి వస్తాయి. మామూలు అడవిలో మెడ నొప్పెట్టేలా తలెత్తి చూడాల్సిన పిట్టలు ఇక్కడ ఎదురింటి డాబా మీద కూర్చున్నట్టు కనిపిస్తాయి.

ఒకే కొండ, నాలుగైదు అడవులు

ఈగల్‌నెస్ట్ అభయారణ్యం వైశాల్యం 218 చదరపు కిలోమీటర్లు. పాత జీహెచ్ఎంసీ విస్తీర్ణంలో మూడోవంతు అనుకోండి. అంత చిన్న చోట, చుట్టుపక్కల కొండలతో కలుపుకుని, 450కి పైగా పక్షి జాతులున్నాయి. ఎలా?

కిటుకంతా ఎత్తులో ఉంది. ఈ అడవి కింద దాదాపు 500 మీటర్ల దగ్గర మొదలై పైన 3,250 మీటర్ల దాకా పోతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అంటే కింద ఏప్రిల్ ఎండకి టీషర్టు తడిసిపోతుంటే, అదే రోజు పైన జాకెట్ మీద జాకెట్ వేసుకున్నా వణుకు ఆగదు. వేడి మారితే చెట్లు మారతాయి. చెట్లు మారితే పురుగులు మారతాయి. పురుగులు మారితే పిట్టలు మారతాయి. కింద వెదురు, అడవి అరటి, తీగలు అల్లుకున్న పచ్చటి చిక్కటి అడవి. మధ్యలో నాచు కప్పుకున్న ఓక్ చెట్లు. పైన రోడోడెండ్రాన్ పూలు, ఫిర్ చెట్లు.

ఇందులో చాలా పిట్టలకి తమదంటూ ఒక అంతస్తు ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్ వాళ్లు ఐదో ఫ్లోర్‌లో కనిపించనట్టే, రెండు వేల మీటర్ల దగ్గరుండే పిట్ట వెయ్యి మీటర్ల దగ్గర కనిపించదు. ఈగల్‌నెస్ట్ దారిలో బండి దిగుతూ పోవడమంటే ఆ అపార్ట్‌మెంట్‌లో ఒక్కో అంతస్తు తలుపు తట్టుకుంటూ పోవడమే. అందుకే ఇక్కడికొచ్చినవాళ్లు ఒక్కచోటే ఉండిపోరు. పైన లామా క్యాంప్, కనుమ దాటాక బొంపు, దాని కింద సెస్నీ, ఇంకా కిందికి ఖెలాంగ్ అని మజిలీలు వేసుకుంటూ దిగుతారు.

నక్షత్రాలు చూసే మనిషికి దొరికిన పిట్ట

ఈ కొండకి ప్రపంచ పటంలో చోటు తెచ్చింది మాత్రం ఒక్క పిట్ట. దాని కథ భలే ఉంటుంది.

రమణ ఆత్రేయ వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాల మీద పరిశోధన ఆయన పని. పక్షులు ఆయన సరదా. 1995లో ఈగల్‌నెస్ట్ వచ్చినప్పుడు పొదల్లో రెండు పిట్టలు కనిపించాయి. ఏ పుస్తకంలోనూ సరిగ్గా అలాంటి పిట్ట లేదు. కాస్త దగ్గరి పోలిక ఉన్నది ఎక్కడో చైనాలోని ఎమెయ్ కొండల్లో ఉండే ఒక లియోసిక్లా. అంత దూరపు పిట్ట ఇక్కడికెలా వస్తుంది? సమాధానం దొరకలేదు. మళ్లీ ఆ పిట్ట ఆయనకి కనిపించడానికి పదేళ్లు పట్టింది. 2005లో కనిపించింది. 2006 మేలో వలలో రెండు పిట్టలు పడ్డాయి. అప్పుడు తేలింది, ఇది ప్రపంచానికే కొత్త జాతి అని.

ఇక్కడే అసలు ప్రశ్న వచ్చింది. కొత్త జాతిని ప్రకటించాలంటే శాస్త్రంలో ఒక పాత పద్ధతి ఉంది. ఆ పిట్టని చంపి, చర్మం ఒలిచి, మ్యూజియంలో నమూనాగా పెట్టాలి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే పోల్చి చూసుకోవడానికి అది సాక్ష్యం. పాత తరం పక్షి శాస్త్రవేత్తలంతా చేతిలో తుపాకీతో అడవికి వెళ్లింది అందుకే. కానీ అప్పటికి ఈ కొండ మీద లెక్క తేలిన పిట్టలు మొత్తం 14. ఆ పద్నాలుగులో ఒకదాన్ని శాస్త్రం కోసం చంపేస్తే?

ఆత్రేయ చంపలేదు. కొలతలు తీసుకున్నారు, ఫొటోలు తీశారు, కూతలు రికార్డు చేశారు, వలలో ఊడిపడిన ఈకల్ని దాచుకున్నారు. పిట్టల్ని వదిలేశారు. ఆ ఈకలు, ఫొటోలే సాక్ష్యంగా 2006 సెప్టెంబర్‌లో 'ఇండియన్ బర్డ్స్' పత్రికలో కొత్త జాతిని ప్రకటించారు. అర్ధ శతాబ్దం తర్వాత మన దేశంలో దొరికిన కొత్త పక్షి జాతి అది. ప్రపంచమంతా వార్తయింది.

పేరు పెట్టే హక్కు కనిపెట్టినవాళ్లది. చాలామంది తమ గురువు పేరో, నిధులిచ్చినవాళ్ల పేరో పెడతారు. ఆత్రేయ ఆ కొండల్లో ఉండే బుగున్ తెగ పేరు పెట్టారు. లియోసిక్లా బుగునోరమ్. అంటే బుగున్‌ల లియోసిక్లా. ఆ పేరు ఎంత ముందుచూపుతో పెట్టారో తర్వాత తెలిసింది. అది చివర్లో చెప్పుకుందాం.

లామా క్యాంప్‌లో తెల్లవారుజాము

లామా క్యాంప్ కనుమకి ఇవతలే ఉంటుంది, సుమారు 2,350 మీటర్ల ఎత్తులో. క్యాంప్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. కొన్ని టెంట్లు, ఒక వంటపాక, బకెట్లో వేడినీళ్లు. రాత్రి ఏడింటికల్లా భోజనం, ఎనిమిదింటికల్లా దుప్పట్లో. ఈశాన్యంలో సూర్యుడు మనకంటే ముందే డ్యూటీ ఎక్కుతాడు. ఏప్రిల్లో నాలుగున్నరకే వెలుతురు వచ్చేస్తుంది. ఐదింటికి చేతిలో స్టీలు గ్లాసుతో టీ పట్టుకుని రోడ్డు మీద నిలబడకపోతే సగం ఆట అయిపోయినట్టే.

మేం నలుగురం. మాతో ఒక బుగున్ కుర్రాడు గైడ్‌గా వచ్చాడు. మాట్లాడుకునేది హిందీలో. అతని చెవులే అతని బైనాక్యులర్స్. మాకు ఒకే గోలలా వినిపించే దాంట్లోంచి అతను ఒక్కో కూతా విడదీసి, "అది కింద పొదలో, ఇది ఓక్ చెట్టు మీద, అదుగో అది లోయ అవతల" అని చెప్తుంటే నోరెళ్లబెట్టి వినడమే.

బుగున్ లియోసిక్లా కోసం ఒక మలుపు దగ్గర ఆగాం. ఈ పిట్టకి మహా వృక్షాల అడవి కంటే కొండవాలు మీద దట్టంగా పెరిగిన పొదలు, చిన్న చెట్లు ఇష్టం. పిగిలిపిట్ట కంటే కాస్త పెద్దగా ఉంటుంది. ఒళ్లంతా ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. తల మీద నల్ల టోపీ. కంటి ముందు పసుపు, నారింజ కలిసిన మరక. రెక్క మీద పసుపు, ఎరుపు, తెలుపు మచ్చలు. తోక చివర ఎర్రగా. పుస్తకంలో చూస్తే ఇంత రంగుల పిట్ట కనపడకుండా ఎలా ఉంటుందీ అనిపిస్తుంది. పొదలో చూస్తే తెలుస్తుంది.

అరగంట, గంట, గంటన్నర. పొగమంచు వస్తోంది, పోతోంది. కాళ్లు మొద్దుబారాయి. మాలో ఒకడికి ఓపిక అయిపోయింది. ఫోన్‌లో ఆ పిట్ట కూత రికార్డింగ్ డౌన్‌లోడ్ చేసుకుని వచ్చాడు.

"ఒక్కసారి పెడదాం భయ్యా. వెంటనే వచ్చేస్తుంది కదా" అన్నాడు.

గైడ్ నవ్వాడు. "వస్తుంది సర్. అందుకే పెట్టకూడదు."

"ఒక్కసారేగా?"

"ఒక్కసారే అని సీజన్‌లో ఎంతమంది అంటారో తెలుసా?"

ఫోన్ జేబులోకి వెళ్లిపోయింది. ఇంకో ఇరవై నిమిషాలకి గైడ్ చెయ్యెత్తాడు. పొద అంచులో ఆకులు కదిలాయి. ముందు రెక్క మీది పసుపు, తర్వాత నల్లటి తల. కొమ్మ మీదికి వచ్చింది, ఒకసారి ఇటూ అటూ చూసింది, కిందికి దూకి మాయమైంది. మొత్తం ఐదారు సెకన్లు. కెమెరా ఎత్తే టైమ్ కూడా ఎవరికీ దొరకలేదు. చాలామంది మూడు రోజులుండి ఆ ఐదారు సెకన్లు కూడా దొరక్కుండా తిరిగి వెళ్తారని గైడ్ చెప్పాడు.

కూత పెడితే ఏమవుతుంది?

దీన్ని ప్లేబ్యాక్ అంటారు. ఇప్పుడు మెర్లిన్ లాంటి యాప్‌లో వేల పిట్టల కూతలు ఉచితంగా దొరుకుతున్నాయి. స్పీకర్ నొక్కితే చాలు, పిట్ట పరుగెత్తుకుంటూ వస్తుంది. చూడ్డానికి అపకారమేమీ లేనట్టే ఉంటుంది.

పిట్ట వైపు నుంచి చూడండి. మగపిట్ట పాడేది మన కోసం కాదు. "ఈ పొద నాది, ఈ వాలు నాది, దగ్గరికి రాకు" అని ఇంకో మగపిట్టకి చెప్పడం అది. రికార్డింగ్ వినపడగానే తన ఇంట్లోకి దొంగ దూరాడనుకుంటుంది. మేత వదిలేసి, గూడు వదిలేసి, ఉన్న శక్తంతా పెట్టి శత్రువుని వెతుక్కుంటూ వస్తుంది. శత్రువు కనపడడు. కూత మాత్రం ఆగదు. చలికొండ మీద పిల్లల్ని సాకే రోజుల్లో ఒక్కో గంటా, ఒక్కో పురుగూ లెక్కే. మన సెల్ఫీ అయిపోతుంది, పిట్టకి మాత్రం ఆ రోజు బాకీ పడిపోతుంది.

వేలల్లో ఉండే పిట్టకైతే ఆ దెబ్బ పెద్దగా తెలియకపోవచ్చు. చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగే జంటలున్న పిట్టకి, అదీ సీజన్ పొడవునా వచ్చినవాళ్లందరూ అదే మలుపు దగ్గర అదే కూత పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ బుగున్ లియోసిక్లాని 'అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న' జాబితాలో పెట్టింది. ఆ జాబితా తర్వాతి మెట్టు, అడవిలో లేకుండా పోవడమే.

కనుమ దాటి కిందికి

లామా క్యాంప్ నుంచి కనుమకి ఎక్కే దారి పొడవునా లాఫింగ్ థ్రష్‌ల గోల. పేరుకి తగ్గట్టే గుంపుగా చేరి పకపకలాడుతుంటాయి. రోడోడెండ్రాన్ పూల దగ్గర మిసెస్ గూల్డ్స్ సన్‌బర్డ్ అనే తేనెపిట్ట తిరుగుతుంటుంది. ఎరుపు, పసుపు, ఊదా, నీలం అన్నీ ఒంటి మీదే పోసుకున్నట్టుంటుంది. ఈ మిసెస్ గూల్డ్ అసలు పేరు ఎలిజబెత్. 19వ శతాబ్దంలో పక్షుల బొమ్మలు వేసిన గొప్ప చిత్రకారిణి. ఆమె పేరు మీద ఒక పిట్ట ఉంది సరే, అదీ 'మిసెస్'గానే!

కనుమ దగ్గర గాలి విసురుగా ఉంటుంది. పొద్దున్నే వెళ్తే రోడ్డు పక్కన టెమింక్స్ ట్రాగోపాన్ అనే అడవికోడి కనపడొచ్చు. కుంకుమ రంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు. బండి చప్పుడు వినగానే పొదలోకి జారుకుంటుంది. అందుకే ఇక్కడ డ్రైవర్లు ఇంజిన్ ఆపేసి, బండిని మెల్లగా దొర్లిస్తుంటారు.

అవతల బొంపు వైపు దిగుతుంటే రోడ్డు మీద ఏనుగు లద్దెలు. అంత ఎత్తులో ఏనుగులేంటని ఆశ్చర్యపోతాం. ఈ కొండల్లో ఏనుగులు 3,000 మీటర్ల పైదాకా ఎక్కుతాయి. గైడ్ ముందుగా దిగి లద్దె తాజాదా, పాతదా చూస్తాడు. తాజాదైతే పిట్టలూ లేవు, గిట్టలూ లేవు. నోరు మూసుకుని బండెక్కి కూర్చోవడమే.

బొంపు సుమారు 1,940 మీటర్లు. ఇక్కడి ఆటే వేరు. అడవి అంతా నిశ్శబ్దంగా ఉంటుంది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు ఒక్క పిట్ట ఉండదు. అంతలో ఒక్కసారిగా చెట్టంతా కదులుతుంది. యుహీనాలు, మిన్లాలు, ఫుల్వెట్టాలు, మినివెట్లు, వడ్రంగిపిట్టలు, తలకిందులుగా కాండం మీద నడిచే నట్‌హాచ్‌లు అన్నీ కలిసి మీద పడతాయి. ఎటు చూడాలో తెలియదు. ఐదు నిమిషాల్లో దాటిపోతాయి. మళ్లీ నిశ్శబ్దం.

దీన్ని మిశ్రమ గుంపు అంటారు. వేర్వేరు జాతులు కలిసి వేటకి బయల్దేరతాయి. ఒకటి ఆకుల కింద వెతుకుతుంది, ఇంకోటి బెరడు సందుల్లో, మరోటి గాల్లో ఎగిరే పురుగుని అందుకుంటుంది. ఒకరి తిండికి ఇంకొకరు అడ్డం రారు. ఒకటి కదిలించిన పురుగు ఇంకోదానికి దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, డేగ వస్తే చూడటానికి ఎక్కువ కళ్లుంటాయి.

బొంపు, సెస్నీ మధ్యే వార్డ్స్ ట్రోగన్, బ్యూటిఫుల్ నట్‌హాచ్ లాంటి వీఐపీలు ఉంటాయి. రెండో దానికి 'అందమైన' అని అధికారికంగానే పేరు పెట్టేశారు, చూస్తే ఎవరూ కాదనరు. సెస్నీ దాటి ఖెలాంగ్ వైపు దిగేసరికి ఉక్కపోత మొదలవుతుంది, జలగలు షూ ఎక్కుతాయి, వెదురు పొదలు మీదికి వంగుతాయి. అప్పుడు లోయలోంచి పాత టేబుల్ ఫ్యాన్ తిరిగినట్టు బరువైన చప్పుడు. తలెత్తేలోపే రెండు పెద్ద హార్న్‌బిల్స్ నెత్తి మీంచి దాటిపోతాయి. వాటి రెక్కల చప్పుడు విన్నాక ఇంకేం కూత వినబుద్ధి కాదు.

ఈ అడవి ఎవరిది?

ఇప్పుడు ఆ పేరు సంగతి. బుగున్ లియోసిక్లా ముఖ్యంగా ఉండే లామా క్యాంప్ చుట్టుపక్కల అడవి చాలావరకు అభయారణ్యం హద్దుల బయట ఉంది. అది సింగ్‌చుంగ్ అనే ఊరి బుగున్‌ల సామూహిక భూమి. అంటే ఈ పిట్ట బతుకు అటవీశాఖ చేతుల్లో ఎంత ఉందో, ఒక ఊరి చేతుల్లో అంతకంటే ఎక్కువ ఉంది.

అరుణాచల్ కొండల్లో ఒకప్పుడు ఊళ్లకి డబ్బొచ్చే పెద్ద దారి కలప. 1996లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఈశాన్య రాష్ట్రాల్లో విచ్చలవిడి నరికివేతకి కళ్లెం పడింది. అడవికి ఊపిరి వచ్చింది, చాలా ఇళ్లలో మాత్రం ఆదాయం ఆగిపోయింది. ఆ ఖాళీలోనే ఆత్రేయ 2003 నుంచి బుగున్ పెద్దలతో కలిసి పనిచేశారు. పక్షుల్ని చూడటానికి వచ్చేవాళ్లకి ఊరివాళ్లే టెంట్లు వేస్తారు, వండిపెడతారు, బండ్లు నడుపుతారు, గైడ్లుగా వస్తారు. డబ్బు ఊళ్లోనే ఉంటుంది. చెట్టు కొడితే ఒక్కసారే డబ్బు, నిలబెడితే ఏటా డబ్బు అనే లెక్క మెల్లగా కుదురుకుంది.

2017లో సింగ్‌చుంగ్ ఊరు ఇంకో అడుగు వేసింది. తమ భూమిలో 17 చదరపు కిలోమీటర్ల అడవిని వన్యప్రాణి చట్టం కింద 'కమ్యూనిటీ రిజర్వ్'గా ప్రకటించడానికి ఒప్పుకుంది. భూమి ఊరిదే, కాపలా ఊరి కుర్రాళ్లదే. వేట వద్దు, నరకడం వద్దు. ఆ భూమి మీద వాళ్లకున్న హక్కుల్లో కొన్నింటిని వాళ్లే వదులుకున్నారు. ఎవరో పెట్టిన ఆంక్ష వేరు, సొంత పొలానికి సొంతంగా కంచె వేసుకోవడం వేరు కదా. 2006లో ఒక పిట్టకి వాళ్ల పేరు పెట్టారు. పదకొండేళ్ల తర్వాత ఆ పేరుకి వాళ్లు తమ భూమి రాసిచ్చినంత పని చేశారు.

అయినా గండం గట్టెక్కలేదు

బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు దశాబ్దానికి పైగా ఈగల్‌నెస్ట్‌లో పిట్టల కాళ్లకి చిన్న రింగులు తొడిగి వదులుతూ, ఏటా ఎన్ని తిరిగి దొరుకుతున్నాయో లెక్క చూస్తున్నారు. ఒకప్పుడు చెట్లు కొట్టిన చోట ఇప్పటికీ అడవి లోపల వేడి ఎక్కువ, తేమ తక్కువ. చల్లటి నీడకి అలవాటు పడిన పిట్టలు అక్కడ నిలదొక్కుకోలేకపోతున్నాయి. వాతావరణం వేడెక్కే కొద్దీ పిట్టలు తమ అంతస్తు వదిలి పై అంతస్తుకి మారుతున్నాయి. కింద ఉన్నవాళ్లకి పైకి పోవడానికి చోటుంది. టెర్రస్ మీద ఉన్నవాళ్లు ఎక్కడికి పోతారు? కొండ అక్కడితో అయిపోతుంది.

ఇంకో భయం రోడ్డు. ఇది సరిహద్దు రాష్ట్రం. సైన్యానికి మంచి రోడ్లు కావాలి, కాదనలేం. ఈ అడవి దారిని పెద్ద రోడ్డుగా మార్చాలన్న ఆలోచన కూడా గతంలో వచ్చింది. ఇక్కడ బండి మెల్లగా పోతుంది కాబట్టే ఏనుగు రోడ్డు దాటుతోంది, ట్రాగోపాన్ రోడ్డు పక్కకి వస్తోంది. అదే దారిలో రాత్రీ పగలూ లారీలు తిరిగితే ఈ బాల్కనీలో చూడటానికి ఏం మిగలదు.

మన దగ్గరా ఇలాంటి కథ ఒకటుంది. కడప అడవుల్లోని కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న పిట్ట. 1986లో మళ్లీ దొరికింది. శాస్త్రవేత్తలు వెతుక్కుంటూ వచ్చేసరికి స్థానిక వేటగాళ్లకి దాని పేరు, నడక, తిరిగే వేళ అన్నీ తెలుసు. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. ఒక పిట్ట కోసం కాలువ వంక తిరిగిన జిల్లా మనది. రెండు కథల్లోనూ ఒకటే సంగతి. పిట్ట ఎక్కడుందో ఊరికి ముందే తెలుసు. ఊరు పట్టించుకుంటే పిట్ట ఉంటుంది.

వెళ్లాలనుకుంటే...

ఎప్పుడు: మార్చి నుంచి మే మధ్య దాకా మంచి సీజన్. పిట్టలు పాడేది, పూలు పూసేది అప్పుడే. నవంబర్ కూడా బాగుంటుంది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి, ఆ ఊసే వద్దు.

ఎలా: హైదరాబాద్ నుంచి గౌహతికి విమానం. అక్కడ్నుంచి రోడ్డు మీద తేజ్‌పూర్, భాలుక్‌పాంగ్ మీదుగా టెంగా. దారిలో ఒక రాత్రి ఆగితే ఒళ్లు నొప్పులు తగ్గుతాయి. అరుణాచల్‌లో అడుగుపెట్టడానికి మన దేశం వాళ్లకి కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. అభయారణ్యానికి అటవీశాఖ అనుమతి వేరే. క్యాంప్ బుక్ చేసుకుంటే ఆ పని సాధారణంగా వాళ్లే చూస్తారు.

ఎవరితో: ఊరివాళ్లు నడిపే క్యాంపుల్లోనే ఉండండి. స్థానిక గైడ్‌నే పెట్టుకోండి. కొంచెం ఖర్చెక్కువ అనిపించినా బేరాలాడొద్దు. ఆ డబ్బే అడవి కాపలాదారు జీతం అనుకోండి.

ఏం పట్టుకెళ్లాలి: రెయిన్‌కోట్, జలగలు ఎక్కకుండా పొడవు సాక్సులు, పవర్‌బ్యాంక్, టార్చ్, రెండు జాకెట్లు. ఎరుపు, తెలుపు బట్టలు వద్దు, మట్టి రంగువి మేలు. ఖరీదైన కెమెరా లేకపోయినా పర్లేదు, బైనాక్యులర్స్ లేకపోతే మాత్రం వెళ్లడం దండగ.

చివరిగా ఒకటి. ఎక్కడైనా గూడు కనిపిస్తే లొకేషన్‌తో స్టేటస్ పెట్టొద్దు. కూతల యాప్ తప్పకుండా డౌన్‌లోడ్ చేసుకోండి. టెంట్‌లో రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎన్నిసార్లయినా వినండి, పొద్దున చెవులు గుర్తుపడతాయి. రోడ్డు మీదికొచ్చాక మాత్రం స్పీకర్ ఆన్ చేయొద్దు. అక్కడ పిలవాల్సింది మనం కాదు. పిట్టకి తోచినప్పుడు అదే వస్తుంది.